సగం వాటా

"ఈ ఒక్క గడి ఖాళీగా వదిలేస్తే కుదరదా?" అంది మార్లీన్.

"కుదరదు," అంది లాయరమ్మ. "మీ ఇంట్లో ఉంటున్నాయన ఇంటిఖర్చుకు నెలనెలా ఎంతిస్తున్నారో చూపించి తీరాలి. ప్రమాణం చేసి పెట్టే సంతకమిది. ఆయన చేత కూడా ఈ కాగితం మీద రాయించుకు రండి. మీ దివాలా దరఖాస్తు రేపు నాలుగింటికల్లా కోర్టులో వెయ్యాలి."

 మార్లీన్ నడిపిన పరదాల దుకాణం మూతపడి ఏడాదైంది; అప్పు మాత్రం నలభై వేల డాలర్లకు పెరిగింది. ఆ సంగతి తనతో కలిసి ఉంటున్న వెర్న్‌కు తెలియదు. టొలీడోలో ఒకే ఇంట్లో చేరిన రోజే ఇద్దరూ ఒక నియమం పెట్టుకున్నారు: ఖర్చు చెరిసగం, ఒకరి జేబు గురించి మరొకరు అడగరాదు. పన్నెండేళ్ళ సామరస్యానికి ఆ నియమమే కారణం. ఈ రహస్యానికి కూడా అదే కారణం. పైగా, మొదటి భార్య చాటుగా చేసిన అప్పులకు నలిగిపోయినవాడు వెర్న్. "అప్పు దాచే మనిషితో ఒక్క పూట కూడా ఉండను," అని ఆనాడే చెప్పాడు.

ఆమె ఇల్లు చేరేసరికి అతను సాసేజ్‌లు వేయిస్తున్నాడు.

"వెర్న్, ఇంటికి నెలకెంతిస్తున్నావు నువ్వు?"

అతని చేతిలో గరిటె ఆగింది. "పన్నెండేళ్ళుగా లేని ప్రశ్న ఇవాళెందుకొచ్చింది?"

"నువ్వు మాత్రం అడగొచ్చా? కరెంటుకెంత కడుతున్నావు, సరుకులకెంత పెడుతున్నావు అని వారం రోజులుగా అడిగి రాసుకోవడం లేదూ?"

"అది వేరు."

"ఏం వేరు? విడిపోదామనుకుంటే మొహమ్మీదే చెప్పు. ఇలా పద్దులు రాసి చంపకు."

అతను మళ్ళీ సాసేజ్‌ల వైపు తిరిగాడు. ఇక ఆగితే ధైర్యం చాలదని ఆమెకు తెలుసు. కాగితం బల్ల మీద పెట్టింది. "దివాలా తీస్తున్నాను. నలభై వేలు. నీ దగ్గర దాచాను. తిట్టు, కానీ ముందు అంకె వేసి సంతకం పెట్టు."

వెర్న్ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తొమ్మిది వందల ముప్ఫై," అన్నాడు తడుముకోకుండా.

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"ఈమధ్యే లెక్క కట్టాను." గబగబా సంతకం గీకాడు. అంతలోనే ఫక్కున నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"నా బతుకు నీకు నవ్వులాటగా ఉందా? ఉంటావా, పోతావా? అది చెప్పు."

అతను పొయ్యి ఆర్పి, దాదాపు పరుగున లోపలికి వెళ్ళి ఒక నీలం ఫైలు తెచ్చాడు. "నువ్వూ ఇక్కడో సంతకం పెట్టు, మహాతల్లీ. నీ వాటా ఎంతో నింపేశాను."

విడిపోయేవాళ్ళు రాసుకునే ఒప్పందమే అనుకుని, ఆమె మొదటి పేజీ తిప్పింది.

అదీ దివాలా దరఖాస్తే, వెర్న్ పేరు మీద.