మగ్గం ఆగినప్పుడల్లా

"మీ పక్కన ఎవరున్నారు?" పద్మశ్రీ అడిగింది.

ఇంటి నుంచే వెబ్‌సైట్లు తయారుచేసే లారవెల్ డెవలపర్ ఉద్యోగం కోసం ఆమె విజయవాడ ఆఫీసు నుంచి వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ చేస్తోంది. అవతల మంగళగిరిలో తన ఇంట్లో కూర్చున్న హరిబాబు తల అడ్డంగా ఊపాడు.

"ఎవరూ లేరండీ. అమ్మ మగ్గం నేస్తోంది."

ఆమె అనుమానం అక్కడే. ప్రశ్న అడగ్గానే మగ్గం చప్పుడు ఆగుతోంది. అతను పక్కకి చూస్తున్నాడు. ఆ తర్వాతే నసుగుతూ జవాబు చెబుతున్నాడు. చాటు నుంచి ఎవరో అందిస్తుంటే అప్పజెప్పేవాళ్లను ఈ వారంలోనే ఇద్దరిని పట్టుకుంది.

"ల్యాప్‌టాప్ అటు తిప్పండి."

తిప్పాడు. గుంట మగ్గం దగ్గర వాళ్లమ్మ ఒక్కతే ఉంది. కంగారుగా కొంగు సర్దుకుంది.

"మీ మాట మావాడికి వినపడాలని ఆపుతున్నానండీ. తప్పా?"

"ఆపకండి. నేస్తూనే ఉండండి. హరిబాబు గారూ, వేలమంది ఒకేసారి ఆర్డర్లు పెడితే సైటు పడిపోకుండా ఏం చేస్తారు?"

మగ్గం టకటకలాడుతూనే ఉంది. అతను ల్యాప్‌టాప్ మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు. ఎటూ చూడలేదు. తడబడకుండా చివరిదాకా చెప్పాడు.

"మరి ఇందాక ఎందుకు నసిగారు?"

"మగ్గం ఆగితే అటు చూడకుండా ఉండలేనండీ. నాన్న నేస్తూ నేస్తూ అక్కడే పోయారు."

మగ్గం ఆగింది. హరిబాబు చటుక్కున అటు తిరిగాడు.

చప్పుడు మళ్లీ మొదలయ్యేదాకా పద్మశ్రీ ఆగింది. అప్పుడు అడిగింది.

"ఎప్పుడు చేరగలరు?"