ఎవరడిగారీ పరీక్షలు?

“మలేరియా పరీక్షా? మా చెల్లికి మలేరియా ఎక్కడిది!”

టైలరమ్మ గొంతు బిల్లు కౌంటరు దాటి మందుల షాపు దాకా వినిపించింది. కుట్టుకూలిలో పైసా వదలని మనిషి, ఆస్పత్రి బిల్లు వదులుతుందా!

చెల్లికి కడుపులో గడ్డ. పొద్దున్నే కావలసిన ఆపరేషన్ రక్తం లేక ఆగింది. అదేదో ఎక్కడా దొరకని గ్రూపట. మరిది దాని కోసం ఊరంతా తిరుగుతున్నాడు. ఈలోగా డబ్బు కట్టమని ఈవిణ్ణి ఇటు తరిమారు.

“ఇదిగో, పచ్చకామెర్ల పరీక్ష. కింద ఇంకోటి. ఇవన్నీ ఎవరడిగారయ్యా?”

“నాకేం తెలుసమ్మా? కంప్యూటర్లో మీ చెల్లి పేరు మీదే ఉన్నాయి” అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

టైలరమ్మకి బుర్ర తిరిగిపోయింది. చెల్లికి నిన్ననే అన్ని పరీక్షలూ చేశారు. మళ్లీ ఇవేంటి? కొత్త జబ్బేదైనా బయటపడిందా?

పక్క బెంచీ మీంచి ఒకాయన లేచి వచ్చాడు. చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులు. వెల్డింగు పని కాబోలు.

“అవి నా పరీక్షలేనమ్మా” అన్నాడు మెల్లగా.

“మీవా? మీ పరీక్షలు మా బిల్లులో ఎందుకున్నాయి?”

“ఇక్కడ అలాగే వేస్తారటమ్మా. నాకూ ఇప్పుడే తెలిసింది.”

“భలే చెప్పారండీ! రేపు మీ ఇంటి కరెంటు బిల్లు కూడా మాకే వేస్తారా?”

క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన అయోమయంగా చూశాడు.

“అయితే ఇంక నాతో పనిలేదా అమ్మా?”

“మీతో నాకేం పనండీ! దయచేసి వెళ్లండి.”

“సరే సరే. ఎలాగో సర్దుబాటైందన్నమాట. మంచిదేగా!”

ఆయన ముఖం తేటపడింది. ఆ పరీక్షల డబ్బు తనే గుమాస్తాకిచ్చి, బయట కదులుతున్న బస్సెక్కేశాడు.

ఏం సర్దుబాటైందో టైలరమ్మకి అర్థం కాలేదు. “వింత మనిషి!” అనుకుంది. పోనీలే, చెల్లికి కొత్త జబ్బేం లేదు, అదే పదివేలు. తగ్గిన బిల్లు కట్టేసి హమ్మయ్య అనుకుంది.

అంతలో నర్సు పరుగున వచ్చింది.

“పరీక్షలన్నీ బాగున్నాయమ్మా, థియేటర్ సిద్ధం చేస్తున్నారు. మీ చెల్లికి రక్తమివ్వడానికి వచ్చినాయన ఇక్కడే కూర్చోవాలే, ఎటెళ్లాడు?”