మూల నుంచి మొదలైన గీత

ఉదయ్ భాస్కర్‌లో ఒక్కటే లోపం ఉందని ఆయన భార్య పద్మప్రియ ఎవరడిగినా చెబుతుంది. తనకు రాని పనిని ఎదుటివాళ్లకు ఓపిగ్గా నేర్పుతాడు. పెళ్లయిన కొత్తలో పప్పుచారు నేర్పాడు. ఇప్పుడు ఫొటోలు నేర్పుతున్నాడు.

"ఇంకా కిందికి వంగు. గట్టు పెద్దగ కనబడాలె," అన్నాడు బోరు షెడ్డు పక్కన నిలబడి.

"గట్టు పెద్దగనే ఉందండీ. వెనక గుట్ట, అడవి మాయమయినయ్."

"అడవి నాకెందుకు? గట్టు వంకర కావాలె నాకు. రేపు సర్వేయర్‌కు చూపియ్యాలె."

పద్మప్రియ ఫోన్లో ఫొటోగ్రఫీ పాఠాలు వింటూ, ఏన్కూరు చుట్టుపక్కల దారులూ కాలువలూ తీసి గ్రూపులో పెడుతూ ఉంటుంది. ఎక్కడెక్కడి వాళ్లో మెచ్చుకుంటారు. 'మనుషులు లేని ఫొటోలేంది' అని భాస్కర్ మాత్రం పెదవి విరిచేవాడు. ఇన్నాళ్లకు ఆయనకు ఆ విద్యతో అవసరం పడింది, అదీ సొంత అన్న మీద సాక్ష్యానికి.

ఇటు వీళ్ల మిరప తోట. అటు బావగారు జయప్రకాశ్ పత్తి చేను. మధ్యన గట్టు. షెడ్డు దగ్గర నిలబడి గుట్ట వైపు చూస్తే ఆ గట్టు పోను పోను మిరప తోటలోకి ఒరుగుతుంది. భాస్కర్ రోజూ ఇంటి వెనక అడ్డదారిన షెడ్డుకు వచ్చి, మోటరు వేసి, ఆ ఒరుగుడు చూసి, పళ్లు నూరుకుని పోతాడు.

"నేను బండి మీంచి పడి, కాలు విరిగి దవాఖానల ఉన్నప్పుడే అన్న గట్టు జరిపిండు. లేచి వచ్చేసరికి దాని మీద గడ్డి గూడ మొలిచింది."

"ఆ ఏడే కదా బావగారు దగ్గరుండి మనకు బోరు వేయించింది?"

"వేయించిండు. దవాఖానకొచ్చి 'నీకు నీళ్లు మస్తు పడ్డయిరా, జల్దీ లే' అన్నడు. మాట తియ్యగ, పార పదునుగ."

"అందుకేనా, మొన్న వానలు ముఖం చాటేస్తే ఆయన పత్తికి ఒక్క తడి నీళ్లు అడిగినా మీరు లేదన్నరు?"

"నా బోరు, నా ఇష్టం."

పద్మప్రియ నిట్టూర్చింది. "రేపు కొలతలు పడితే రాకపోకలుండయ్ మనకు. ప్రసూనక్క తోడికోడలని గాదు, సొంతక్క లెక్క నాకు."

"అది గట్టు జరిపినోడు అనుకోవాలె. నువ్ ఫొటో తియ్యి."

తీసింది. చూసుకుని తల అడ్డంగా ఊపింది.

"ఏమయింది? మంచిగ వంకరుంది గద!"

"గీత నడుమ నుంచి పుట్టింది. ఫొటోలో గీత మూల నుంచి మొదలవ్వాలె, కన్ను దాని వెంట నడవాలె. ఏడ మొదలైందో చూపకుండ ఏడికి పోతుందో చెప్తే సర్వేయర్ నమ్ముతడా?"

సర్వేయర్ మాట పని చేసింది. ఇద్దరూ గట్టుకు రోడ్డు వైపున్న కొసకు నడిచారు. అక్కడ మామగారు పాతిన హద్దురాయి ఉంది. అవతలి కొసన, గుట్ట కింద ఒంటి తాడిచెట్టు రెండో హద్దు. ఆ రెండింటి మీద మాత్రం అన్నదమ్ములకు పేచీ లేదు. పద్మప్రియ రోడ్డు వారన ఉన్న ట్రాక్టరు ట్రాలీ ఎక్కింది. హద్దురాయిని ఫొటో కింది మూలకు తెచ్చింది, తాడిచెట్టును పైకి. ఆగింది.

"ఇంకెంతసేపు?"

"ఎండ పక్కకు వాలాలె. గట్టు నీడ పడితే గీత తేలుతది."

"పప్పుచారుకు గూడ ఇంతసేపు పట్టదు నీకు."

"అది మీరు నేర్పింది గదండీ. ఇది నేను నేర్చుకున్నది."

ఎండ వాలింది. తీసి, కిందికి దిగి, ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. భాస్కర్ నవ్వుతూ హద్దురాయి మీద వేలు పెట్టి, తాడిచెట్టు దాకా తిన్నగా గీయబోయాడు. సగం దారిలో, బోరు షెడ్డును పత్తి చేను వైపు వదిలేసి, వేలు ఆగింది. ఫొటో పెద్దది చేశాడు. తల ఎత్తి దూరంగా షెడ్డు వైపు చూశాడు. మళ్లీ ఫోన్లోకి చూశాడు.

"ఆ తాడిచెట్టు వంకరగ పెరిగిందా ఏంది?"

"నిటారుగనే ఉంది."

"మరి నీ ఫోను వంచి చూపిస్తదా?"

"వంచితే అన్నిటినీ వంచాలె గదా."

భాస్కర్ వెళ్లి ట్రాలీ అంచున కూలబడ్డాడు. తన ఫోన్ తీసి అన్నకు కలిపాడు. ఎవరితో మాట్లాడినా స్పీకర్ పెట్టడం ఆయనకు అలవాటు.

"చెప్పు తమ్మీ," అన్నాడు జయప్రకాశ్. "సర్వేయర్ ఎన్నింటికొస్తడు? చేను కాడనే ఉంటలే."

"గట్టు నువ్వే జరిపినవ్ గదా అన్నా?"



"అవ్‌రా. నేనే జరిపిన."

పద్మప్రియ ట్రాలీ అంచు గట్టిగా పట్టుకుంది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఒప్పుకునేటోడివా నువ్వు?"

భాస్కర్ ట్రాలీ మీంచి లేచి నిలబడ్డాడు.

"నీ పొలంలో పడ్డ బోరు నాకియ్యనీకే జరిపినవ్ అన్నా, తప్పు నాదే."