దోమలు వాలని మనిషి

మంచానపడ్డవాళ్లని చూసుకోవడానికి మా సంస్థ ఇళ్లకి ఆయాల్ని పంపుతుంది. వాళ్ల పని తనిఖీ చేసేది నేను. నేనొస్తున్నానంటే చాలు, రోగి మొహానికి పౌడరు దట్టంగా పూసేస్తారు. వాసన కప్పెట్టడానికి! కొవ్వూరులో పక్షవాతంతో ఉన్న కుట్టు టీచరు సత్యకుమారి గారికీ ఆయా వీరవేణి అలాగే పూసింది.

కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో దుప్పటి ఎత్తాను. కుళ్లు వాసన గుప్పుమంది. మూతి పక్కన ఎండిపోయిన జావకి చీమలు పట్టాయి.

“ఇదేనా నువ్వు చూసుకోవడం?”

“ఇందాకే స్నానం చేయించానండి. జావ కూడా తాగారండి.”

దోమలు నన్ను పీక్కుతింటున్నాయి. వీరవేణి కూడా కాళ్లు చరుచుకుంటోంది. సత్యకుమారి గారి మీద మాత్రం ఒక్క దోమా వాలట్లేదు.

చెయ్యి పట్టుకుని చూశాను. చల్లగా, కర్రలా ఉంది.

వీరవేణి చప్పున ఆవిడ మెడ కింద చెయ్యి దూర్చింది. “టీచరు గారూ, నేను బాగా చూసుకుంటున్నానని మేడం గారికి చెప్పండి.”

తల పైకీ కిందికీ ఊగింది. మెడలో ఏదో కిర్రుమంది.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఛీ! చెయ్యి తియ్యి ముందు!”

వీరవేణి గోడ దాకా వెనక్కి జరిగి రెండు చేతులూ జోడించింది. “తప్పయిపోయిందండి. పొద్దున్నే పోయారండి. పని పోతుందని చెప్పలేదండి.”

కిర్రుమనే చప్పుడు ఆగలేదు. మంచం వైపు చూశాను.

తల ఇంకా ఊగుతూనే ఉంది. ఈసారి అడ్డంగా.