పళ్ళెంలో పిలకలు

“ఆ కర్ర ఇటివ్వు. పిండి నీ మాట వినదు” అంది దరేజాన్.

నతియా అప్పడాల కర్రను వీపు వెనక దాచుకుంది. “ఈ ఒక్కసారికి నన్ను చెయ్యనివ్వండి అత్తయ్యా. మాంసం కలిపాను, ఉల్లిపాయ సన్నగా తరిగాను, రసం ఊరడానికి నీళ్ళూ పోశాను. ఇక చుట్టడమే మిగిలింది.”

“సముద్రం ఒడ్డున చేపలు వేయించుకునే పిల్లవి. మా కొండవాళ్ళ ఖింకాలి నీకెక్కడ అబ్బుతుందే? పెళ్ళికి ముందు మా ఇంటికొచ్చి పిలకలతో సహా మింగినదానివి!”

నతియా మొహం ఎర్రబడింది. నిజమే మరి. ఖింకాలి అంటే మాంసం కూరి, పైన పిలకలా ముడి వేసి ఉడికించిన పిండి మూట. దాన్ని ఆ పిలక పట్టుకుని ఎత్తాలి, కొరికి లోపలి రసం జుర్రుకోవాలి, మిగతాది తిని పిలకను పళ్ళెంలో వదిలెయ్యాలి. ఎవరెన్ని లాగించారో ఆ పిలకలే చెబుతాయి. పిలక తినేవాడు ఈ కొండల్లో వట్టి మొద్దు కింద లెక్క. ఆ రోజు కాబోయే అత్తగారి చూపుకి హడలిపోయి నతియా అన్నీ నమిలేసింది. ఆవిడ ఊరుకుంటుందా, ఊరంతా టాంటాం వేసింది.

“సరే, పందెం” అంది దరేజాన్. “నా పళ్ళెంలో ఐదు పిలకలు పడ్డాయా, కర్ర నీది, వంటిల్లు నీది. పడలేదా, ఇంకెప్పుడూ పిండి జోలికి రాకు.”

“చిన్నపిల్లతో పందెమేమిటే...” అని మామగారు వాజా ఏదో అనబోయాడు.

“నువ్వు నోరు ముయ్యి. తినేటప్పుడు తెరుద్దువుగాని.”

నతియా పిండి ఒత్తింది. మధ్యలో మాంసం పెట్టి చుట్టూ మడతలు వేసింది. ముడి విడిపోతే రసమంతా నీళ్ళపాలవుతుందని భయపడి, ప్రతి పిలకనూ ఒకటికి రెండుసార్లు బిగించి, లావుగా కట్టింది. మరిగే ఉప్పునీళ్ళలో వేసి ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. ఒక్కటీ విడిపోలేదు!

బల్ల దగ్గర వాజా చొక్కా చేతులు మడిచి ఖింకాలీల మీద పడ్డాడు. దరేజాన్ మాత్రం ఆ చివర, పెద్ద ద్రాక్షసారా కూజా వెనక తన పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. నతియా పొయ్యికీ బల్లకీ మధ్య తిరుగుతూ వేడివేడిగా తెచ్చి పెడుతూనే ఉంది.

“ఎలా ఉన్నాయి అత్తయ్యా?”

దరేజాన్ నోరు ఖాళీగా లేదు. చెయ్యి మాత్రం ఊపింది. బాగున్నాయనో, బాగాలేవనో ఎవరికి తెలుసు?

చివరికి గిన్నె ఖాళీ అయింది. మామగారి పళ్ళెంలో పిలకలు కుప్ప పడ్డాయి. నతియా కూజా పక్కకి జరిపి అత్తగారి పళ్ళెంలోకి చూసింది.

రెండే రెండు.

“చూశావుగా” అంది దరేజాన్, కిటికీ వైపు చూస్తూ.

నతియాకి పందెం పోయినందుకు కాదు బాధ. ఈ పెద్దావిడ నోటివెంట ఒక్క మంచిమాట వినాలని పొద్దుటినుంచీ ఎంతో ఆశపడింది. కర్ర కడిగి, తుడిచి, తెచ్చి రెండు చేతులతో అందించింది.

“తీసుకోండి అత్తయ్యా. మాటంటే మాటే.”

దరేజాన్ అందుకోలేదు. కోడలి తడి కళ్ళకేసి కాసేపు చూసింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో కర్రను మెల్లిగా కోడలి వైపే నెట్టింది. మొగుడికి వినబడకుండా గొంతు తగ్గించింది.

“ఉంచుకోవే తల్లీ. ఈసారి మాత్రం పిలకలు కాస్త పల్చగా కట్టు. మింగలేక చచ్చాను.”