పెట్టె ఒకటి, డిస్కు ఒకటి

బావ తనకు ప్రాణమైన సినిమా పెట్టె తెరిచాడు. లోపల వేరే సినిమా డిస్కు ఉంది. పక్క పెట్టె తెరిచాడు. అందులోనూ అంతే.

“ఈ నెల్లో ఇది ఎన్నోసారి?” అని అక్కని అడిగాడు. అక్క కళ్లు తుడుచుకుంది.

నాలుగు వందల సినిమాలు. ఇరవై ఏళ్లుగా ఊరూరా తిరిగి ఏరి తెచ్చుకున్నవి. ఇంట్లో ఎవరినీ వాటిమీద చెయ్యి వెయ్యనివ్వడు. కాబట్టి తప్పు తనదే అనుకున్నాడు.

“నాకు మతి పోతోందిరా మాలోకం,” అన్నాడు నాతో.

నా పెళ్లిలో పెళ్లికూతురి పేరు మరిచిపోయి నీళ్లు నమిలానని, నలుగురిలో ఆయన పెట్టిన పేరది. ఇప్పుడు నా మనవలు కూడా నన్ను అలాగే పిలుస్తారు.

“వయసు బావా. ఎవరికైనా తప్పదు,” అన్నాను.

“పెట్టె తెరవాలంటేనే భయమేస్తోందిరా. ఇవన్నీ నువ్వే పట్టుకుపో. రేపు మీ అక్కని కూడా గుర్తుపట్టనేమో.”

అక్క నా చెయ్యి పట్టుకుంది. “ప్రతి ఆదివారం నువ్వు వస్తున్నావు కాబట్టి ఈ మాత్రం ధైర్యంగా ఉన్నారు తమ్ముడూ.”

అన్నీ మా ఇంటికి తెచ్చి నేలమీద పరిచాను. ఆదివారానికి రెండు చొప్పున, ఆయన స్నానానికి వెళ్లినప్పుడల్లా, గడిచిన ఏడాదిలో నూట నాలుగు డిస్కులు తారుమారు చేశాను. ఏది ఎక్కడ పెట్టానో చీటీ కూడా రాసుకోలేదు.

భోజనాల వేళకి అన్నీ వాటి వాటి పెట్టెల్లోకి చేరాయి. ఒక్కటి కూడా తప్పు పోలేదు.