రెండో సంపుటం

పోర్టులో క్రేన్ నడిపిన అప్పలసూరికి సూపర్‌హీరో బొమ్మల కథలంటే ప్రాణం. పాత సంచికలన్నీ కలిపి మళ్లీ అచ్చేస్తున్నారని తెలిసి ఎదురుచూశాడు. మొదటి సంపుటం అతని పెద్దకర్మ అయ్యాక వచ్చింది. భార్య గౌరీశ్వరి దాన్ని కొని అతని కుర్చీలో పెట్టింది.

మర్నాడే ఒక పేజీ మూల మడిచి ఉంది. చదవడం ఆపిన చోట అలా మడవడం అతని అలవాటు. మడత రోజూ ముందుకు జరిగింది.

ఈ రాత్రి ఆఖరి పేజీ తిరిగిన చప్పుడైంది.

"మావా, రెండో బుక్కు ఇంకా రానేదంట. మద్దిలపాలెం షాపులో అడిగినాను" అంది గౌరీశ్వరి మంచం మీంచి చీకట్లోకి.

కుర్చీ కిర్రుమంది. కూర్చున్న మనిషి లేచినప్పుడే అది అలా మోగేది.

అడుగులు గుమ్మం వైపు వెళ్తాయా, మంచం వైపు వస్తాయా అని గౌరీశ్వరి వింటోంది.